ఈ ఆరు సలహాలు వినకండి

మా అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన పదకొండో రోజున కుట్ల దగ్గర చీము కనిపించింది. తర్వాతి మూడు నెలల్లో మరో రెండు ఆపరేషన్లు. ఆ మూడు నెలలూ మా ఇంటికి చుట్టాలకూ కొదవ లేదు, సలహాలకూ కొదవ లేదు. అందరూ మా మంచి కోరే చెప్పారు. నేను దాదాపు అన్నీ విన్నాను, విని నష్టపోయాను. ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ అంటుకుని మీరు పరిహారం అడగాలనుకుంటే ఇవే మాటలు మీ చెవినా పడతాయి.

1. "ఇప్పుడు కాగితాలడిగితే డాక్టరుకు కోపం వస్తుంది. డిశ్చార్జి అయ్యాక చూద్దాం."

ఇది మా బాబాయి మాట. డిశ్చార్జి సమ్మరీ రెండు పేజీలు, దానితో కేసు నిలబడదు. కావాల్సింది మొత్తం కేస్ షీట్: జ్వరం చార్టు, ఆపరేషన్ నోట్సు, యాంటీబయాటిక్ ఏ గంటకిచ్చారో ఆ వివరం, కల్చర్ రిపోర్టు. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. వాటిని భద్రపరచాల్సింది మూడేళ్లే. రాతపూర్వకంగా అడగండి. మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

2. "ఇన్ఫెక్షన్ వచ్చిందంటేనే వాళ్ల తప్పు. ఇంకేం రుజువు కావాలి?"

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కొందరికి వస్తుంది. ఆస్పత్రిలో చేరిన 48 గంటల తర్వాత మొదలైతే, ఆపరేషన్ గాయంలో 30 రోజుల్లోపు, ఇంప్లాంట్ పెట్టిన కొన్ని ఆపరేషన్లలో 90 రోజుల్లోపు కనిపిస్తే దాన్ని మామూలుగా ఆస్పత్రి ఇన్ఫెక్షన్ కింద లెక్కిస్తారు. ఎక్కడ అంటుకుందో అది చెబుతుంది. ఎవరు ఏ పని చేయకుండా వదిలేశారో చెప్పదు. అది మీరు వెతకాలి. పరికరాలు సరిగా స్టెరిలైజ్ చేశారా? మూత్రం గొట్టం అవసరం తీరాక కూడా ఉంచేశారా? జ్వరం వచ్చిన ఎన్నో రోజున కల్చర్‌కు పంపారు? అదే రోజు, అదే థియేటరులో చేయించుకున్నవాళ్లలో ఇంకెవరికైనా వచ్చిందా?

ఈ చివరి ప్రశ్న మరిచిపోకండి. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. పోయింది ఒక్కరే అయితే తలరాత అనుకుని ఊరుకునేవారేమో. నలుగురు కాబట్టి రాష్ట్రమంతా ఆ థియేటరు వైపు చూసింది.

3. "కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టాం కదా, ఏం మొహం పెట్టుకుని అడుగుతాం?"

శ్రద్ధగా చేసినా మిగిలే ప్రమాదానికి మీరు ఒప్పుకున్నారు. అశ్రద్ధకు ఒప్పుకోలేదు. ఆ సంతకం చూసి వెనక్కి తగ్గకండి.

4. "నలుగురం వెళ్లి గట్టిగా నిలదీద్దాం. పోలీసు కేసు పెడితే దారికొస్తారు."

ఆస్పత్రి మీద దాడి చేస్తే జైలుకు పంపే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చింది. అద్దం పగిలిందంటే బాధితులు కాస్తా నిందితులవుతారు. ఇక డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారానికి దారి వినియోగదారుల కమిషన్.

5. "పెద్ద ఆస్పత్రితో మనమేం పోరాడతాం? లాయరుకే లక్షలవుతాయి."

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పు వచ్చింది. మీరు కట్టిన బిల్లు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపైతే ఫీజే లేదు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, మీరే వాదించుకోవచ్చు.

హైదరాబాద్‌లో మలేరియా శాఖ ఉద్యోగి భార్యకు మలేరియా ఉంటే టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. ఆయన చివరిదాకా పోరాడితే 2010లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది. అయినా ఇన్ఫెక్షన్ కేసుల్లో వేరే ఊరి డాక్టరు అభిప్రాయం రాతలో ఉంటే చాలా బలం. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాస్పత్రి అయితే మాత్రం కమిషన్ కుదరదు, సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి.

6. "ముందు మనిషిని కోలుకోనీ. కేసెక్కడికి పోతుంది?"

పోతుంది. గడువు రెండేళ్లు. ఆలస్యానికి బలమైన కారణం చూపగలిగితేనే ఆ తర్వాత వింటారు.

నేను ఇరవయ్యో నెలలో రికార్డులు అడిగాను. జ్వరం చార్టులో మూడో రోజు కాగితం లేదు. ఆ రాత్రే అమ్మ "చలేస్తోందిరా" అంది. నర్సును పిలిస్తే దుప్పటి కప్పి వెళ్లింది. అప్పుడు టైమెంతో నాకు గుర్తులేదు. ఆ నర్సు పేరూ తెలియదు. ఆ రాత్రి జరిగిందని చెప్పడానికి ఇప్పుడు నా మాట తప్ప ఇంకేమీ లేదు.

మీవాళ్లు ఆస్పత్రిలో ఉంటే ఈ రోజే ఒక నోటుబుక్కు కొని మంచం పక్కన పెట్టుకోండి. జ్వరమెంత, ఎన్నింటికి, ఎవరిని పిలిచారు, ఏం చేశారు, అన్నీ రాయండి.