ఆ నాలుగు మార్కులూ ఎక్కడ పోయాయి?

పదో తరగతి ఫలితాలు రాగానే "ఏం చదువుతావు నాన్నా?" అని పిల్లాణ్ణి అడగండి. అడగడంలో తప్పు లేదు. కాకపోతే అప్పటికే ఎంపీసీకి అడ్వాన్సు కట్టేసి ఉండాలి. పొరపాటున వాడు హెచ్‌ఈసీ అన్నాడా, తల్లి వెంటనే బీపీ మాత్ర అడగాలి.

కాలేజీలో చేర్చాక ఆదివారం వాణ్ణి చూడ్డానికి హాస్టల్‌కి వెళ్తారు కదా, క్యారేజీలో కోడికూర తప్పక పట్టుకెళ్లండి. మూత మాత్రం వీక్లీ టెస్టు ర్యాంకు చెప్పాకే తీయండి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పిన్నిగారబ్బాయి ర్యాంకు ఎత్తండి. "కోప్పడట్లేదురా, ఊరికే చెప్తున్నా" అనడం మరవకండి. గుచ్చుకునేది ఆ మాటే.

తెలంగాణ బోర్డులో ఎంపీసీ ఫస్టియర్‌కి మొత్తం 470. 466 వస్తే ఆ నాలుగూ ఎక్కడ పోయాయని ముందు నిలదీయండి. ఇలా కొన్నాళ్లు చేస్తే కాలేజీలో టెస్టులు జరగడమే మానేస్తాయి. అంటే, పిల్లాడు మీకలా చెప్తాడు. టెస్టుల్లేని కాలేజీ ఎక్కడా ఉండదని మీకూ తెలుసు. అయినా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు వాడి ఫోన్ నాన్న లాక్కోవాలి. రాత్రికి అమ్మ "నాన్నకి చెప్పకు" అంటూ తిరిగిచ్చేయాలి. అది తెలిసి నాన్న వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. ఎలా మార్చాలో కొడుకునే అడగాలి.

1960ల్లో డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, పిల్లల పెంపకంలో కట్టడి ఉండాలిగానీ కారణం చెప్పాలి, పిల్లల మాటా వినాలి అంది. కారణం మన దగ్గరా ఉంది: "నేను చెప్పాను గనక." తర్వాత లారెన్స్ స్టైన్‌బర్గ్ బృందం అక్కడి హైస్కూలు పిల్లల్ని పరిశీలించి, అలా పెరిగినవాళ్లే చదువులో మెరుగ్గా ఉన్నారంది. అయితే ఆ దేశంలోని ఆసియా కుటుంబాల పిల్లల మార్కుల్లో ఆ తేడా అంతగా కనబడలేదని కూడా రాసింది. ఆ ఒక్క ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి. మిగతా పేజీలు చదవకండి, మనసు పాడవుతుంది.

ఇంత చేశాక వాడు ఫోన్లో "ఊఁ", "సరే" తప్ప మాట్లాడకపోతే కంగారుపడకండి, బుద్ధిమంతుడయ్యాడని చుట్టాలకి చెప్పుకోండి. ర్యాంకు వస్తే మీ పెంపకం, రాకపోతే వాడి సెల్‌ఫోన్. లాంగ్ టర్మ్ కోచింగ్ ఎలాగూ ఉంది. దాని ఫీజెంతో అన్నం వడ్డించినప్పుడల్లా గుర్తుచేస్తుండండి, అసలే లెక్కల్లో వీక్ కదా.