ఆఖరాట

హాలు పడగొడుతున్నారంటే ఆత్రేయపురం చుట్టుపక్కల ఎవరూ పెద్దగా బాధపడలేదు. అందులో బొమ్మ పడి ఏళ్లయింది. తెర చిరిగి, బాల్కనీలో పావురాలు కాపురం పెట్టాక కొన్నాళ్లు ధాన్యం బస్తాలు వేశారు. ఇప్పుడక్కడ ఏసీ ఫంక్షన్ హాలు, దాని ముందు వరసగా పూతరేకుల షాపులు వస్తాయట. శనివారం శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరికొచ్చే జనాన్ని చూసినవాడెవడూ ఆ లెక్క తప్పనడు.

బాధపడింది ఓనరుగారి మనవడొక్కడే. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు రోజుల్లో బ్యాండులో బేస్ గిటారు.

"పడగొట్టే ముందు ఒక్క రాత్రి నాకివ్వండి తాతయ్యా. ఫంక్, హిప్‌హాప్ వాయిస్తాం."

"ఏదో ఒకటి తగలడండి. కరెంటు బిల్లు మాత్రం మీదే."

ఆటోకి మైకు కట్టి అటు లొల్ల లాకుల దాకా, ఇటు ర్యాలి దాకా తిప్పారు. మైకు పక్కన డప్పుంటే బావుంటుందని ఎవరో అన్నారు. గరగలకి వాయించే పెద్దాయన్ని పిలిచారు. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా రిక్షా ముందు డప్పు కొట్టుకుంటూ ఊరూరా తిరిగింది ఆయనే. ఈ హాల్లో ఆడిన ప్రతి బొమ్మకీ ముందు మోగింది ఆయన డప్పే అయినా, ఆయన మాత్రం ఏనాడూ నేల టిక్కెట్టు దాటి వెనక్కి వెళ్లి కూర్చోలేదు.

ఆ రాత్రి రికార్డింగ్ డాన్సు కాబోలనుకుని ముందు వరసలు సాయంత్రానికే నిండిపోయాయి. తీరా చూస్తే స్టేజీ మీద గిటార్లు, డ్రమ్ములు, తిరగేసిన టోపీతో ఒక రాపర్ కుర్రాడు. ఇంగ్లీషూ హిందీ తెలుగూ కలిపి గడగడా అందుకున్నాడు. నా పక్కనున్న రైతు కాసేపు ఓపిక పట్టి, "హరిదాసు గారైనా మధ్యలో ఊపిరి తీసుకుంటారండీ" అన్నాడు.

మూడు పాటలైనా చప్పట్లు లేవు. అప్పుడా కుర్రాడు పాట ఆపి ఒక కథ చెప్పాడు. నిజం చెప్పొద్దూ, పాట కంటే కథే బాగా చెప్పాడు. జేమ్స్ బ్రౌన్ అని అమెరికాలో మహా గాయకుడు. ఆయన దగ్గర క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అని ఒక డ్రమ్మర్. 1969 నవంబరులో 'ఫంకీ డ్రమ్మర్' అనే పాట రికార్డు చేస్తూ, మిగతావాళ్లందరినీ ఆపించి అతన్నొక్కణ్నే వాయించనిచ్చారు. గట్టిగా ఇరవై సెకన్ల ముక్క. తర్వాతి రోజుల్లో హిప్‌హాప్ వాళ్లు ఆ ముక్కని కోసుకుని వెయ్యికి పైగా పాటల్లో వాడుకున్నారు. పాట మీద హక్కు బ్రౌన్‌ది. వాయించినవాడికి హక్కూ లేదు, ఆ వెయ్యి పాటల మీద రాయల్టీ లేదు. 2017లో పోయాడు.

"అయ్యో పాపం!" అన్నారు ఆడవాళ్లు.

"మీ పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది" అన్నాడు కుర్రాడు, గొంతు కొంచెం వణికింది కూడా. "ఇంకెవడైనా ఆత్రేయపురం పేరు పెట్టి అమ్మితే నిలదియ్యొచ్చు. మరి దరువుకి అలాంటి కాగితం ఏదండీ? చేతి కష్టం ఒకడిది, పేరూ డబ్బూ ఇంకొకడివి. ఇది దొంగతనం కాదా?"

అప్పుడు పడ్డాయి చప్పట్లు. ఆ ఊపులో నాలుగో పాట అందుకున్నారు. అరిగిపోయిన ఫ్యూజులు ఆ స్పీకర్లని ఎంతసేపని మోస్తాయి? టప్పుమంది. హాలంతా చీకటి. గిటార్లు మూగబోయాయి.

పెద్దాయన గుమ్మం దగ్గరున్నాడు. ఆఖర్న మంగళకరంగా నాలుగు దెబ్బలు కొట్టి హాలుని సాగనంపుదామని బయట ఎండుగడ్డి మంట మీద డప్పు కాచి సిద్ధంగా ఉంచుకున్నాడట. జనం లేచిపోతున్నారని మొదలెట్టాడు. మొదటి దెబ్బ మీద బరువంతా వేసి, మిగతావి విదిలించినట్టు వదిలేసే గరగ దరువు. స్టేజీ మీంచి ఓనరుగారి మనవడు "అదే! ఫంక్ అంటే అదే! ఒకటి మీద పడాలి!" అని గావుకేక పెట్టాడు. రాపర్ మైకు లేకుండానే దరువు మీద మాట అందుకున్నాడు. ఈసారి తెలుగే పలికింది. సెల్‌ఫోన్ల లైట్లు వెలిగాయి. చీకట్లో ఎవరో ముసలమ్మ "ఓరి నాయనో!" అని అరిచింది. ఆ తర్వాత కూర్చున్నవాళ్లు లేరు. కరెంటు బిల్లు మీదేనన్న ఓనరుగారు కూడా పంచె ఎగ్గట్టారు.

1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్‌లో, చెల్లెలు చేసిన పార్టీలో కూల్ హెర్క్ అనే కుర్రాడు రెండు రికార్డు ప్లేయర్లు పెట్టి, పాటలో డ్రమ్ములొక్కటే మోగే ముక్కని సాగదీస్తే హిప్‌హాప్ పుట్టిందంటారు. పెద్దాయనకి ప్లేయర్లు అక్కర్లేదు. కరెంటొచ్చేదాకా ఆపితే కదా!

కార్యక్రమం అయ్యాక ఆయనకి శాలువా కప్పారు. అయిదొందలు చేతిలో పెట్టారు. రాపర్ వంగి కాళ్లకి దణ్ణం పెడితే ఆయన కంగారు పడిపోయి, "ఆయ్, మీరు పెద్దోళ్లండి, తప్పండి" అన్నాడు.

చీకట్లో ఆ డప్పంతా ఫోన్లో తీసింది పెద్దాయన మనవడు, ఇంటర్ చదివే పిల్లాడు. రాపర్ వాడి భుజం మీద చెయ్యేసి, "ఒక్క వాయిద్యం కూడా అడ్డు లేకుండా ఎంత శుభ్రంగా వచ్చింది తమ్ముడూ! వాట్సాప్ చెయ్యవా, జ్ఞాపకంగా ఉంచుకుంటా" అన్నాడు. వాడు పొంగిపోయి అక్కడికక్కడే పంపించాడు.

హాలు నేలమట్టమైంది. సంక్రాంతికి పిల్లాడు తాత డప్పు వీడియోని నెట్‌లో పెట్టాడు. భోగి మంట ఆరకముందే నోటీసొచ్చింది. అందులోని సంగీతం వేరొకరి సొత్తనీ, కనక శబ్దం తీసేశామనీ. వీడియోలో తాత చేతులు ఆడుతున్నాయి, చప్పుడు లేదు.

"ఎవరిదంటరా?" అన్నాడు పెద్దాయన.

పిల్లాడు నోటీసులో ఇచ్చిన పాట నొక్కాడు. మొదట్లోనే గరగ దరువు మోగింది. దాని వెనకాల "ఓరి నాయనో!" అన్న ముసలమ్మ కేక కూడా అలాగే ఉంది. రచన, సంగీతం, సర్వహక్కులూ రాపర్‌వే. అడుగున చిన్నక్షరాల్లో ఒక అంకితం:

"తన దరువు మీద హక్కు దక్కకుండానే పోయిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌కి."