చీటీ లేని బేరం

మా ఊరి పాలకేంద్రంలో చెంబెడు పాలు పోసినా చీటీ ఇస్తారు. వెన్న శాతం ఇంత, రేటు ఇంత అని రాసుంటుంది. అర్ధరూపాయి తేడా వచ్చిందంటే మా అత్త గుమ్మంలో కూలబడి, లెక్క తేలే దాకా లేవదు.

2017 జులైలో హైదరాబాదులో 16 దేశాల అధికారులు బేరానికి కూర్చున్నారు. ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందానికి అది 19వ విడత చర్చ. ఆ ఒప్పందంలో న్యూజిలాండ్ పాలపొడి మీద సుంకం సంగతుంది. మందుల పేటెంట్ల సంగతీ ఉంది. జెనరిక్ మందులు తయారుచేసే ఊరికే వచ్చి మాట్లాడటం వాళ్ల మర్యాద! ఏం రాసుకుంటున్నారో చూపించమని రైతు సంఘాలు అడిగాయి. చర్చలు గోప్యమన్నారు. ఇక లీకైన ముసాయిదాలే మనకు గెజిట్. 'వాళ్లకి చీటీ ఇవ్వరట్రా?' అంది అత్త.

పార్లమెంటు లేదా అంటారేమో. ఉంది. ఒప్పందాలపై చట్టం చేసే అధికారం కేంద్ర జాబితా 14వ అంశం కింద దానిదే. కానీ తన ఆమోదం లేకుండా ఏ ఒప్పందమూ ఖరారు కాకూడదని అది ఇప్పటిదాకా ఒక చట్టం చేసుకోలేదు. సంతకం, ధ్రువీకరణ రెండూ ప్రభుత్వమే కానిచ్చేస్తుంది. దేశంలో చట్టాలు మార్చాల్సి వస్తే మాత్రం సభ గుర్తొస్తుంది, మూడు ముళ్లూ పడ్డాక జాతకాలు కుదిరాయా అని అడిగినట్టు. వ్యవసాయం మాది కదా అని రాష్ట్రాలు నోరు తెరిస్తే 253వ అధికరణం చూపిస్తారు. ఒప్పందం అమలు కోసమైతే రాష్ట్రాల జాబితాలోని అంశం మీదా పార్లమెంటు చట్టం చేయొచ్చు.

జర్మనీ వాళ్లు కాస్త నయం. అమెరికాతో ఐరోపా ఒప్పందం ముసాయిదా చదువుకోమని 2016లో అక్కడి ఎంపీలకు ఆర్థిక వ్యవహారాల శాఖలో ఒక గది చూపించారు. ఫోను బయట పెట్టాలి, కాపీ తీయకూడదు, చదివింది బయట చెప్పకూడదు. జైల్లో ములాఖత్ ఇంతకంటే సుఖం. అయినా నాకు అసూయే. గదైనా ఇచ్చారు!

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మనం ఆర్‌సెప్ నుంచి తప్పుకున్నాం. పాలరైతులు సంబరపడ్డారు, నేనూ పడ్డాను. మిగిలిన 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేసి ఒప్పందం పూర్తి పాఠాన్ని అందరి ముందూ పెట్టాయి. మనం బల్ల దగ్గర కూర్చున్న ఆరేళ్లూ కంటపడని కాగితం, లేచొచ్చిన ఏడాదికి ఉచితంగా దొరికింది.