తలకు బీట్‌రూట్, నెత్తికి కాఫీ పొడి

నూలుకు రంగెక్కించి పేరు తెచ్చుకున్న మంగళగిరికి ఇప్పుడు జుట్టుకు రంగెక్కించే పిచ్చి పట్టింది. అదీ నలుపు రంగు కాదండోయ్, రాగి ఎరుపు! కాఫీ డికాక్షన్, బీట్‌రూట్ రసం, దాల్చినచెక్క, గోరింటాకు, వంటింట్లో ఏది దొరికితే అది నెత్తికి పట్టించి అరగంట కూర్చుంటే జుట్టు మెరిసిపోతుందట. 'కెమికల్సేం లేవండీ, అంతా నేచురలే' అని పైన ఓ భరోసా.

ఈ మాట నూలుకు రంగులద్దే వాళ్ల దగ్గర అని చూడండి. నల్లరంగు చిలప ఒకటి చేతికిచ్చి, దీన్ని లేత నారింజ చేసిపెట్టమని అడగండి. ఆయన చిలపనూ మిమ్మల్నీ మార్చి మార్చి చూస్తాడు. లేత రంగు కావాలంటే కోరా నూలునైనా సరే ముందు సోడాతో ఉడకబెట్టి, బ్లీచింగ్‌తో తెల్లబరచుకోవాలి. ముదురు మీద లేత ఎక్కదు. చీర కొనేటప్పుడు ఇంత తెలిసిన ఊరు, తల దగ్గరికొచ్చేసరికి అమాయకత్వం నటిస్తోంది.

గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంది, అది జుట్టులోని కెరటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. నిజమే. కానీ అది రంగు చేర్చగలదు గానీ ఉన్న నలుపును తీయలేదు. నల్లజుట్టుకు పెడితే, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి పక్కింటి పిన్నిగారిని పిలిచి చూపించుకుంటే తప్ప ఆ ఎరుపు కనబడదు. పండేదల్లా తెల్లజుట్టు మీదే. సాయంత్రం పూట గాలిగోపురం వీధిలో ఓసారి నడవండి. పాతికేళ్ల అమ్మాయిలు కలలుగనే రాగి జుట్టు తాతయ్యల నెత్తి మీద నిగనిగలాడుతూ ఉంటుంది!

బీట్‌రూట్ రంగు నీళ్లలో కరిగేది. మొదటి చెంబుకే కాలవలోకి పోతుంది, మిగిలిన కాస్తా తువ్వాలుకు అంటుతుంది. ఇక నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చోమన్న మహానుభావుడెవరో గానీ రోహిణి కార్తెలో గుంటూరు జిల్లా మొహం చూసి ఉండడు. నిమ్మరసం కారిన చర్మం ఎండకు బొబ్బలెక్కి నల్లమచ్చలు పడుతుంది. జుట్టు ఎర్రబడలేదు సరే, నుదురు నల్లబడింది.

మొన్నమొన్నటిదాకా పిల్లదాని జుట్టు ఎర్రబారితే నానమ్మ 'నూనె ముఖం చూపించరేమే దీనికి' అని కోడలిని కసిరేది. మాంసకృత్తులు చాలక వచ్చే క్వాషియోర్కర్‌లో పిల్లల జుట్టు ఎర్రబారుతుందని డాక్టర్లూ చదువుకుంటారు. ఆ రంగు కోసమే ఇప్పుడు ఇన్ని తిప్పలు.

వంటింటి వైద్యం వికటించాక 'బర్గండీ హెన్నా' ప్యాకెట్ వస్తుంది. ఉత్త ఆకుపొడైతే గంటలకొద్దీ నానాలి, గంటలకొద్దీ తల మీద ఉండాలి, ఇచ్చేది నారింజ ఎరుపొక్కటే. అడిగిన రంగల్లా అరగంటలో ఇచ్చే గోరింట చెట్టును దేవుడింకా పుట్టించలేదు. అలాంటి పొడులు చాలావాటిలో పనిచేసేది పీపీడీ అనే రసాయనం. పడనివాళ్లకు నెత్తి దురదలెక్కి, కళ్లు మూసుకుపోయేలా వాచిపోతాయి. ప్యాకెట్ ముందువైపు పచ్చటి ఆకు బొమ్మ, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో దీని పేరు. నేచురలంటే ఇదే కాబోలు!

రాగి జుట్టు మీద మోజుంటే నిక్షేపంగా పడండి. నల్లజుట్టుకు ఆ రంగు రావాలంటే పెరాక్సైడ్‌తో నలుపు తగ్గించాల్సిందే, అది రసాయనమేనని ఒప్పుకుని పని తెలిసినవాళ్ల చేత వేయించుకోండి. ఇంట్లోనే వేసుకుంటామంటారా, ప్యాకెట్ వెనకవైపు చదవండి, చెవి వెనక చుక్క పెట్టుకుని 48 గంటలు ఆగండి. బీట్‌రూట్‌ను మాత్రం కూర వండుకోండి.