జవాబు చెప్పలేదు

2014 సెప్టెంబరు 11. స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అన్న ఓటింగుకు ఇంకా వారం. ఎడింబరోలో విదేశీ విలేఖరులు నిండిన హాల్లో, స్కాట్లండ్ ప్రభుత్వాధినేత అలెక్స్ సాల్మండ్‌ను బీబీసీ రాజకీయ సంపాదకుడు నిక్ రాబిన్సన్ నిలదీశారు. మీరు విడిపోతే రిజిస్టర్డ్ ఆఫీసు లండన్‌కు మార్చేస్తామని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ అంటోంది, పన్నుల సంగతేంటి? అంతంత కంపెనీలు నడిపేవాళ్లను కాదని, ఓ రాజకీయ నాయకుణ్ణి జనం ఎందుకు నమ్మాలి?

సాల్మండ్ అంత తేలిగ్గా దొరికే మనిషి కాదు. బోర్డు ఎక్కడ వేలాడితేనేం, వ్యాపారం ఎక్కడ జరిగితే పన్ను అక్కడే అన్నారు. అసలా కబురు ముందే బయటికి పొక్కనిచ్చింది లండన్‌లోని ఖజానా శాఖేనని, దాని మీద విచారణకు బీబీసీ కూడా సహకరించాలని ఎదురు తగిలించారు. హాల్లో చప్పట్లు.

రాత్రి వార్తల్లో ప్రశ్న వచ్చింది. వెనకాలే రాబిన్సన్ గొంతు: ఆయన జవాబు చెప్పలేదు.

పూర్తి వీడియో ఇంటర్నెట్‌లో తిరగడం మొదలైంది. ఆ ఆదివారం గ్లాస్గోలో బీబీసీ ఆఫీసు ముందు జనమే జనం. రాబిన్సన్ బొమ్మతో పెద్ద బ్యానరు, వెంటనే పీకెయ్యాలని. ‘సీమాంధ్ర మీడియా’ అన్న తిట్టు విన్న మనకు ఆ కోపం కొత్తేమీ కాదు. అందులో న్యాయమూ లేకపోలేదు. ఆ మాట అలా అనకుండా ఉండాల్సిందని రాబిన్సనే తర్వాత ఒప్పుకున్నారు.

55 శాతం మంది వద్దన్నారు. సాల్మండ్ పదవి వదిలేశారు. బీబీసీ పక్షపాతం చూపిందన్న మాట మాత్రం వదల్లేదు.

2017 నవంబరులో ఆయనే సొంత టీవీ షో మొదలుపెట్టారు, అదీ రష్యా ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆర్‌టీ చానల్లో. సొంత పార్టీ నాయకురాలు నికొలా స్టర్జన్‌కే అది మింగుడు పడలేదు. తొలి ఎపిసోడ్‌లోనే ప్రేక్షకుల ట్వీట్లు చదివారు, జవాబులిచ్చారు. ఇంకా ప్రసారమే కాని కార్యక్రమానికి అప్పుడే ప్రేక్షకులెక్కడివారని కొందరికి అనుమానం వచ్చింది. ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ విచారించి, చానల్ నిబంధనలు ఉల్లంఘించిందని 2018లో తేల్చింది.

ఈసారి జవాబులు ఒక్క ముక్క కోతపడకుండా వచ్చాయి. అడిగినవాళ్లలో ఎక్కువమంది ఆ షో తాలూకు మనుషులే.