చేదు తప్పు నాది కాదు

ఇంగ్లండు దేశమున, ట్రెంటు నదీతీరముననున్న బర్టన్ పట్టణములో, ఒక మందుల దుకాణపు గాజుబీరువా ప్రక్కన నా యౌవనము గడచినది. జానెడు ఇత్తడి కోల, పట్టుదారములకు వ్రేలాడు రెండు చిప్పలు, నడుమ నొక ముల్లు, మఖమలు పరచిన పెట్టెలో పడికట్లు: ఇదియే నా సర్వస్వము. మీ కంసాలివారి సన్నత్రాసు నాకు దూరపు చుట్టమనవచ్చును. ఏలయన నా పెట్టెలోని కనిష్ఠమగు తూనిక పేరు గ్రెయిను, అట్టివి 180 చేరినచో 1833లో కుంఫిణీవారు స్థిరపరచిన తులము.

దుకాణము మూతపడినపుడు నన్ను కొనినవాడు ఆ ఊరనే పుట్టి మాంచెస్టరులో కొలువున్న యొక బడిపంతులు. 1880 నుండి ఇంట బీరు కాచువారిపై నుండిన లైసెన్సు నిర్బంధమును 1963వ సంవత్సరపు బడ్జెటు తొలగింపగా, చిన్ననాట వీధులలో పీల్చిన మాల్టు వాసనను తన వంటింట పుట్టింపవలెనని ఆయనకు బుద్ధిపుట్టెను. మొదటినాడు ఆయన చేసిన పని తలచికొన్న నాకిప్పటికిని నవ్వు వచ్చును: ఎనిమిది పౌనుల మాల్టును నా చిప్పలలో పిడికెడు పిడికెడుగ తూచనారంభించి, గంట గడచినపిమ్మట విసిగి, వంటింటి స్ప్రింగు త్రాసును దింపెను. దాని ముఖముపై ఔన్సునకు లోబడిన గీత లేదు. ఎనిమిది పౌనులలో ఔన్సు తప్పినను బీరునకు తెలియదు. రెండౌన్సుల హాప్స్ పూలలో తప్పినచో సగము చేదు పోవును, లేదా పెరుగును. కావున ధాన్యము దానికి, పూలును జిప్సమును నాకు వచ్చినవి. బర్టన్ బావినీటిలో జిప్సము భూమినుండియే కరగియుండును. థర్ల్‌మియర్ సరస్సునుండి మాంచెస్టరునకు వచ్చు మృదుజలమునకో, దానిని చిటికెలతో కలుపవలెను. ఆ చిటికెలను తూచునపుడు పంతులుగారు కిటికీ మూసి ఊపిరి బిగబట్టెడివారు, గాలి సోకినచో నా ముల్లు నిలువదు గనుక.

ఇంత జాగ్రత్తతో కాచిన బీరు చేదయ్యెను. ప్రక్కయింటివారు మర్యాదకు సగము గ్లాసు త్రాగి లేచిపోయిరి. పంతులుగారు పూలను శంకించి, నీటిని శంకించి, తుదకు నన్ను శంకించిరి. కుడిచిప్పలోని బరువు నెడమకు, ఎడమది కుడికి మార్చి తూచిరి. నా ముల్లు వెంట్రుకవాసియైనను తొలగలేదు. అయినను ఆయన చూపులోని సందేహము తొలగలేదు. నిరపరాధికి అంతకంటె శిక్ష యేమున్నది? ఏండ్లు గడచిన కొలదిని ఇంటివారు ఆ చేదునకు అలవాటుపడిరి. పండుగకు వచ్చిన బంధువులు అదియే అడిగి పోయించుకొనసాగిరి.

కొంతకాలమునకు కుమారుడొక ఎలక్ట్రానిక్ త్రాసును తెచ్చెను. అరచేతిలో నిముడును, గ్రాములో పదవవంతు చెప్పును. మెచ్చితిని, కాని జిప్సమును మరీ నెమ్మదిగ రాల్చినచో, తన సున్నయే జరిగినదని భ్రమించి ఆ పొడిని లెక్కలోనికి గొనదు. పంతులుగారు దానిని పరీక్షింపగోరి నా పెట్టెలోని ఔన్సు పడికట్టును దానిపై నుంచిరి. 28.3 అని రావలెను. 31.1 అని వచ్చెను.

ఆయన మరల నుంచిరి; మరల 31.1. పిమ్మట పడికట్టును తిరుగవేసి, దాని వెనుకనున్న తోకగల మూడంకె వంటి గుర్తును కండ్లద్దముల దగ్గరకు తెచ్చి చూచిరి. అది మందులవారి ఔన్సు, 480 గ్రెయినులది. వంటింటివారి ఔన్సు 437½ మాత్రమే. 1971లో ప్రభుత్వమే మందులవారి తూనికలను రద్దుచేసినను, మా పెట్టె మూత లోపల నవి రాజ్యమేలుచునే యుండినవి. మాల్టు నొక భాషలో, పూలు వేరొక భాషలో తూగినవన్నమాట.

కుమారుడు కొత్త పడికట్లు తెప్పింతునని పలికెను. పంతులుగారు బదులు పలుకక, మరకలుపడిన నోటు పుస్తకమును తెరచి, పూల వరుసలో "2 ఔన్సులు" అను మాటను కొట్టివేసి, దాని ప్రక్కన "62 గ్రాములు" అని వ్రాసికొనిరి.