మొక్కు లేని నడక

మనవాళ్ళు కాళ్ళకు పని చెప్పేది రెండే సందర్భాల్లో. ఒకటి మొక్కు, రెండోది డాక్టరు. మొక్కు ఉంటే అలిపిరి నుంచి 3,550 మెట్లూ గోవిందనామం మీద ఎక్కేస్తాం, పైన దర్శనమూ లడ్డూ ఉన్నాయి గనుక. డాక్టరు చెబితే మునిసిపల్ పార్కులో గుండ్రంగా తిరుగుతాం, తిరిగినంతసేపూ సెంటు భూమి ఎంత పలుకుతోందో మాట్లాడుకోవచ్చు గనుక. ఈ రెండూ కాక, ఎవరికీ ఏమీ బాకీ లేకుండా, ఎండలో రాళ్ళమీద పడి నడిచి, సముద్రం చూసి, మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చే జాతి ఒకటుందని మాకు మాల్టాలో తెలిసింది. మా అల్లుడు అందులో చేరిపోయాడని పెళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు. జాతకంలోనూ లేదు.

అమ్మాయి, అల్లుడు ఇద్దరికీ అక్కడ కంప్యూటర్ ఉద్యోగాలు. "చిన్న దేశం నాన్నా, మీకేం శ్రమ ఉండదు" అంది అమ్మాయి ఫోన్లో. చిన్నదే. మనుషులుండే దీవులన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లు. మా పాత పశ్చిమగోదావరి జిల్లాలో అలాంటి దేశాలు ఇరవై నాలుగు పడతాయి. కానీ చిన్న దేశంతో ఒక చిక్కుంది, వెళ్ళేదాకా తట్టదు. అక్కడ ఏదీ దూరం కాదు. "అంత దూరం ఎందుకులే బాబూ" అని తప్పించుకోవడానికి మామగారికి ఉన్న ఏకైక మర్యాదైన మాట ఆ గడ్డమీద చెల్లదు. పెద్ద దీవి ఈ చివర నుంచి ఆ చివరకి 27 కిలోమీటర్లు. మోకాలి నొప్పి ఒక్కటే మిగిలింది. దానికి అల్లుడు ముందే రెండు చేతికర్రలు కొనిపెట్టాడు.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పుట్టి బుద్ధెరిగాక మేం రోజూ ఎక్కిన ఎత్తు కాలవగట్టు. అందుకని మొదటి నడక డింగ్లీ కొండల మీద అనగానే మా ఆవిడ కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. అక్కడ దేశం ఒక పక్క నుంచి కోసేసినట్టు ఆగిపోయి, నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది. అంచున నిలబడితే కింద నీళ్ళు, నీళ్ళలో ఫిల్‌ఫ్లా అనే బండరాయి దీవి. బ్రిటిష్ నౌకాదళం దాన్ని ఫిరంగుల గురి చూసుకోవడానికి వాడుకుందట. ఇప్పుడది పక్షులకూ, ఆ రాతిమీద తప్ప ఇంకెక్కడా కనిపించని ఒక రకం బల్లులకూ సొంతం. అంత ఫిరంగి దెబ్బ తిన్నాక కూడా మిగిలిన బల్లుల మీద మా ఆవిడకి గౌరవం కలిగింది.

కాస్త దూరం పోయాక అల్లుడు ఫోన్ చూసుకుని, "మామయ్యగారూ, ఇప్పుడు మీరు దేశంలోకెల్లా ఎత్తైన చోట నిలబడ్డారు! 253 మీటర్లు!" అన్నాడు. చుట్టూ చూశాను. ఒక చెక్క పొలం, ఒక రాతిగోడ, గోడ అవతల ఉల్లి మడి. శిఖరం అనేదాని జాడే లేదు. తిరుమల దీనికి మూడింతల పైన ఉంటుందని అల్లుడి మనసు కష్టపెట్టడం ఇష్టంలేక చెప్పలేదు. మా ఆవిడ చెప్పేసింది.

అయితే ఆ అంచునే ఒక గుడి దొరికింది. మరియ మగ్దలీనా పేరున 1646లో కట్టిన చిన్న ప్రార్థనాలయం. తాళం వేసి ఉంది. ఇంతదూరం నడిచి ఊరికే పోవడమేమిటని ఆవిడ మూసిన తలుపుకే దణ్ణం పెట్టి, మూడు ప్రదక్షిణలు మొదలుపెట్టింది. గుడి వెనక నేల తక్కువ, గాలి ఎక్కువ. అల్లుడు "అత్తయ్యగారూ, అత్తయ్యగారూ" అంటూ చేతులు చాచి వెంటపడ్డాడు. అక్కడే ఫొటోలు తీసుకుంటున్న ఒక జర్మన్ జంట ఇది స్థానికాచారం కాబోలనుకుని, అల్లుడి వెనక వాళ్ళూ ఒక చుట్టు తిరిగారు.

డింగ్లీ దగ్గరే ఇంకో వింత. చదును రాతిబండ మీద జంటజంటలుగా లోతైన గాడులు, రైలు పట్టాల్లా అడ్డదిడ్డంగా పోతుంటాయి. ఇంగ్లీషువాళ్ళు లండన్‌లో పట్టాలన్నీ కలిసే స్టేషన్ గుర్తొచ్చి దీనికి క్లాపమ్ జంక్షన్ అని పేరు పెట్టారు. అవి బండి చక్రాల గాడులా, స్లెడ్జీలు లాగిన గాడులా, ఏ కాలం నాటివి అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదట. నాకు చూడగానే అర్థమైంది. రెండు గాడులు పక్కపక్కన వెళ్ళి, ఒకచోట విడిపోయి, మళ్ళీ కలిశాయంటే వెనక బండివాడు ముందు బండిని దాటబోయాడన్నమాట. మా పంటబోదె పక్క దారిలో వరికుప్పల రోజుల్లో ప్రతి ఏడూ జరిగేదే. అల్లుడు ఈ సిద్ధాంతాన్ని ఎవరైనా ప్రొఫెసరుకి రాసి పంపమన్నాడు. పంపను. పంపితే ఋజువులడుగుతారు.

ఇక ఆ దేశపు నడకదారుల్లో నన్ను నిజంగా భయపెట్టినవి కొండలు కావు, మూడక్షరాలు. రాళ్ళమీద, గోడలమీద, తుప్పుపట్టిన రేకులమీద పెద్ద పెద్ద అక్షరాలతో ఆర్‌టీఓ అని రాసి ఉంటుంది. మొదటిసారి చూడగానే నా చెయ్యి దానంతటది జేబులో లైసెన్సు తడుముకుంది. మనిషి నడుస్తున్నా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారేమో, అడిగితే నాకది రాదే అనుకున్నాను. అల్లుడు నవ్వి, రవాణా శాఖ కాదు, ఇది మా చోటు, ఇంకొకరు రాకూడదని పిట్టల వేటగాళ్ళు పెట్టుకున్న గుర్తు అన్నాడు. మేం వెళ్ళింది ఏప్రిల్. తెల్లారగట్ల ఢామ్మని వినిపించిన ప్రతిసారీ మా ఆవిడ ఎవరిదో పెళ్ళి అనేది. తప్పేం లేదు, అక్కడ ఊరి పునీతుల పండగలకి పట్టపగలే బాంబులు కాలుస్తారు, శబ్దాన్ని బట్టి భక్తో వేటో తేల్చడం కష్టం. ఈ వసంతకాలపు వేట ఉండాలా వద్దా అని 2015లో దేశమంతా ఓట్లు వేసింది. నూటికి 50.4 మంది ఉండాలన్నారు. కౌజుపిట్టకీ గువ్వకీ ఓటు లేదు గానీ, ఉంటే ఫలితం మారేది. మా ఆవిడ మాత్రం ఆ తర్వాత కొంగు తలమీద కప్పుకోవడం మానేసింది, దూరం నుంచి ఎలా కనిపిస్తుందో ఏమోనని.

మజ్జిస్త్రాల్ అని వాయవ్యపు కొసన ఒక పార్కు ఉంది. 2007లో ఏర్పాటైంది, మోటారు బళ్ళ రొద లేని తీరం. చెట్టన్నది అరుదు. పొట్టి పొదలు, వాము వాసన వేసే ఆకులు, కాలు పెడితే తెలిసే ముళ్ళు, మధ్యలో పదునైన సున్నపురాయి. ఆకుల్లో వాసన చూసిన మా ఆవిడ చట్నీలోకి రెండు రెమ్మలు తుంచబోతే అల్లుడు పార్కు నియమాలు చదివి వినిపించాడు. పొలం గట్లమీద మాత్రం నాగజెముడు ఎక్కడ చూసినా ఉంది. ఇంటి నుంచి ఇంతదూరం వచ్చింది ఆ మొక్కని చూడ్డానికా అనిపించింది. దాని పండుతో అక్కడ మద్యం కూడా తీస్తారని తెలిశాక మా ఊళ్ళో వృథా అవుతున్న సంపద గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

ఐన్ తుఫ్ఫీహా దగ్గర ఎర్రిసుక తీరం, దానిపైన బూడిద రంగు బంకమన్ను వాలు. బంకమన్నులో నడక గురించి డెల్టావాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మా అల్లుడు, ఎదురొచ్చిన ఇటలీ కుర్రాళ్ళు, వాళ్ళ ఖరీదైన బూట్లు, అందరూ జారుతుంటే, నేను చెప్పులు చేతిలో పట్టుకుని బొటనవేలు నొక్కి గట్టుకెక్కాను. యాభై ఏళ్ళ ఊడ్పుల అనుభవం ఒక విదేశంలో అక్కరకొచ్చింది. చేతికర్రలు ఆ రోజు నుంచి అల్లుడివి.

అసలు ఆ దేశంలో ఒక్క నది లేదు. తాగే నీళ్ళలో సగానికి పైగా సముద్రపు ఉప్పు తీసేసి చేసినవే. గోదావరి కాలవ కింద పుట్టినవాడికి ఇది వింటుంటేనే గొంతు తడారిపోతుంది. నీళ్ళ మాట అటుంచితే, విక్టోరియా లైన్స్ అని ఇంకో నడక ఉంది, దీవికి అడ్డంగా 12 కిలోమీటర్ల కోటగోడ. ఇంగ్లీషువాళ్ళు కట్టి, 1897లో రాణిగారి వజ్రోత్సవానికి ఆవిడ పేరు పెట్టి, పదేళ్ళకే పనికిరాదని వదిలేశారు. శత్రువు రానే లేదు. సొంత గోడ గురించి అంత నిజాయితీగా ఒప్పుకున్న కాంట్రాక్టు పని నేనింకొకటి వినలేదు. దారి చివర మాత్రం పాస్తిజ్జీ దొరికింది, బఠానీ ముద్ద కూరి కాల్చిన కారం కజ్జికాయ అనుకోండి. వేడివేడిగా తిన్నాక, ఈ నడక అనేదాంట్లో అంతో ఇంతో ధర్మం ఉందనిపించింది.

గోజో దీవికి పడవలో వెళ్ళాం. అక్కడ ద్వేయ్రా అనే చోట సముద్రంలోకి రాతి తోరణం ఉండేది, లోకమంతా ఫొటోల్లో చూసినది. 2017 మార్చి 8న గాలివానకి కూలిపోయింది. అయినా జనం వస్తూనే ఉన్నారు. అందరూ ఒకవైపే తిరిగి, లేనిదాన్ని శ్రద్ధగా చూస్తారు. మేమూ చూశాం. అల్లుడు ఫోన్లో పాత ఫొటో పైకెత్తి అది ఉండాల్సిన చోట ఆనించి చూపించాడు.

దాని పక్కనే ఫంగస్ రాక్. ఆ బండమీద మొలిచే ఒక ఎర్రటి పుట్టగొడుగు సర్వరోగ నివారిణి అని నమ్మి, 1746లో అప్పటి పాలకుడు పింటో అక్కడికి ఎవరూ అడుగు పెట్టకూడదన్నాడు. పట్టుబడితే మూడేళ్ళు ఓడలో తెడ్డు వెయ్యాలి. తీరా చూస్తే అది పుట్టగొడుగే కాదట, ఇంకో మొక్క వేళ్ళమీద బతికేసే రకమట. ఈ సంగతి చెప్పేటప్పుడు అల్లుడు నావైపు చూడలేదు గానీ, అమ్మాయి చూసింది.

ష్వేయ్నీ తీరంలో ఉప్పు మడులు. మట్టిలో కాదు, రాతిలో తొలిచినవి, వందల ఏళ్ళుగా అదే పని. కొండరాతిలో గదిలా తొలిచి అక్కడే ఉప్పు అమ్ముతున్నారు. చినగంజాం ఉప్పు ధర తెలిసిన మా ఆవిడ ఆ పొట్లం ధర విని తెలుగులో బేరం మొదలుపెట్టింది. అమ్మేవాడు మాల్టీస్‌లో బదులిచ్చాడు. ఎవరికీ ఏమీ అర్థం కాకుండానే ఇద్దరూ ఒక ధరకొచ్చారు. అది చీటీ మీద రాసిన ధరే.

తిరుగు ప్రయాణంలో రేవు దగ్గర టికెట్లంటే మా ఆవిడ ఆగిపోయింది. "వచ్చేటప్పుడు అడగలేదేం?"

"గోజోకి వెళ్ళడానికి టికెట్ ఉండదు అత్తయ్యగారూ, వెనక్కి వచ్చేటప్పుడే తీసుకుంటారు" అన్నాడు అల్లుడు.

"కట్టకపోతే?"

"పడవ ఎక్కనివ్వరు. ఇక్కడే ఉండిపోవాలి."

ఆవిడ కొండల వైపు, పొలాల వైపు, చేతిలో ఉప్పు పొట్లం వైపు చూసుకుంది. "ఏవండీ, ఉప్పు ఉంది. కందిపప్పు ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోండి."